గుక్కెడు నీళ్ళు

మనిషి ఎవరివద్దా నేర్చుకొనకుండానే చేయగల పనులు కొన్ని ఉన్నవి. ఊపిరి పీల్చడం, నిద్రపోవడం, దాహం వేసినప్పుడు నీళ్ళు త్రాగడం అటువంటివి. పుట్టిన బిడ్డకు గుటక వేయడం ఎట్లాగో ఎవరూ చెప్పరు. తల్లి రొమ్ము నోటికి అందగానే ఆ విద్య దానంతట అదే వస్తుంది. అంతటి సహజమైన విద్యను నేను 54వ ఏట మళ్ళీ ఓనమాల నుంచి నేర్చుకొనవలసి వచ్చింది. 30 మిల్లీలీటర్ల మందుగిన్నె నాకు పలక అయింది, చెంచా బలపమయింది. ఆ చదువులో నాకు తగిలిన దెబ్బలనూ, వాటివలన ఆలస్యంగా తెలిసివచ్చిన ఒక సంగతినీ చెప్పుకొనడానికే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మాది బికనేరు. 1488లో రావు బీకా స్థాపించిన పట్టణం. నీళ్ళకు పేదదే గాని రుచులకు పేద కాదు. మోఠ్ అనే ఎడారి పప్పు పిండితో చేసే కారపు భుజియా, పాకంలో ఊరే తెల్లని రసగుల్లా, ఈ రెండింటి పేరు చెబితే చాలు, దేశంలో ఏ మూలనైనా మా ఊరిని గుర్తుపట్టుతారు. పాత పేటలో వీధి వీధికీ పాటాలు ఉంటవి. పాటా అంటే పదిమంది ఒదిగి కూర్చొనదగిన పెద్ద చెక్క అరుగు. రాత్రి భోజనాలయిన తరువాత పేటలోని మగవారు వాటిమీద చేరి అర్ధరాత్రి దాటేవరకు లోకాభిరామాయణం సాగిస్తారు. అక్కడ మాటకు మాట ఎట్లా జోడవుతుందో, పిడికెడు భుజియాకు మరొక పిడికెడు అట్లాగే జోడవుతుంది. ముప్పది ఏండ్లు పగలు బడిలో సంస్కృతం చెప్పి, రాత్రి పాటామీద కూర్చున్న ఫలితంగా నా బరువు 131 కిలోలకు చేరింది. చక్కెరవ్యాధి వచ్చింది. మోకాళ్ళు మొరాయించినవి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తున్నదని నా భార్య రాత్రులు మేల్కొని కూర్చునేది. పథ్యాలూ నడకలూ అన్నీ అయినవి. తగ్గిన నాలుగు కిలోలు ఆరై తిరిగి వచ్చేవి. చివరకు 2022 మార్చిలో జయపురం వెళ్ళి శస్త్రచికిత్స చేయించుకున్నాను.

ఆ చికిత్స ఏమిటో రెండు మాటల్లో చెప్పాలి. పెద్దవారి అన్నాశయంలో సుమారు లీటరు నుంచి లీటరున్నర వరకు పడుతుంది. దానిని నిలువుగా కోసి, నూటికి 75 నుంచి 80 వంతుల వరకు తీసివేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో ఉండే ఒక సన్నని గొట్టం. అందులో పట్టేది నూరు, నూటయాభై మిల్లీలీటర్లు మాత్రమే. బరువు తగ్గించడానికి అన్నాశయాన్ని చిన్నది చేసే ఈ మార్గానికి తొలినాళ్ళలో దారి తీసినవారిలో ఎడ్వర్డ్ మేసన్ అనే వైద్యుడు ముఖ్యుడు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1966లో ఆయన చేసినది వేరొక పద్ధతి. నాకు చేసిన పద్ధతి తరువాతిది. దీనిలో మరొక విశేషం ఉన్నది. ఆకలిని రేపే గ్రెలిన్ అనే స్రావాన్ని జపాను శాస్త్రజ్ఞులు 1999లో కనిపెట్టారు. అది ఎక్కువగా తయారయ్యేది అన్నాశయపు పైభాగంలో. కోతలో పోయేది ముఖ్యంగా ఆ భాగమే. అందువలన చికిత్స తరువాత ఆకలి చాలావరకు అణగిపోతుంది.

కాని దాహానికి ఆ కోత తగలదు. దాహం పుట్టేది కడుపులో కాదు, మెదడులో. రక్తంలో ఉప్పు పాలు ఎక్కువైనదని మెదడు కనిపెట్టినప్పుడు నోరు ఎండుతుంది. పైగా మనకు రోజూ కావలసిన నీటిలో దాదాపు ఐదవ వంతు మనం తినే అన్నంలో, కూరల్లో, పండ్లలో కలిసి వస్తుంది. తిండి తగ్గినప్పుడు ఆ నీరూ తగ్గుతుంది. ఆకలి పోయింది, దాహం మిగిలింది, నీటిని పట్టే పాత్ర చిన్నదయింది. ఇదీ నా స్థితి. శస్త్రచికిత్స అయిన తొలి వారాల్లో రోగులు మళ్ళీ ఆసుపత్రికి రావలసి వచ్చే ముఖ్య కారణాల్లో ఒకటి ఒంట్లో నీరు తగ్గిపోవడమేనని నాకు తరువాత తెలిసింది. ముందు తెలిసినా నమ్మేవాణ్ణి కాను. నీళ్ళు త్రాగడం కూడా ఒక కష్టమేనా అని నవ్వేవాణ్ణి.

ఎందుకంటే నీళ్ళు త్రాగడంలో నన్ను మించినవాడు మా పేటలో లేడు. చెంబు పెదవులకు తగలకుండా ఎత్తిపట్టి, మెడ వెనుకకు వంచి, ఊపిరి తిప్పుకొనకుండా చెంబెడు నీళ్ళూ గటగట దించేవాణ్ణి. పాటామీద నన్ను అగస్త్యుడని పిలిచేవారు. సముద్రాన్ని ఆపోశన పట్టిన ఆ మహర్షి కుండలో పుట్టినవాడు. నన్ను చూస్తే మాత్రం కుండే నాలో పుట్టినదనిపిస్తుందని ఒక మిత్రుడు అనేవాడు. ఎత్తి పోసికొని త్రాగేటప్పుడు నీటితోపాటు గాలి కూడా లోపలికి పోతుందని, నిండు కడుపు దానిని తేనుపుగా బయటకు పంపివేస్తుందని, నాకున్న గొప్ప అంతా ఆ కడుపుదేనని నేనెన్నడూ ఆలోచించలేదు.

నాలుగవ రోజున ఆసుపత్రినుంచి పంపివేస్తూ ఒక కాగితం చేతికిచ్చారు. అందులో నీటిని గురించి ఒకే వాక్యం ఉన్నది: రోజుకు సుమారు రెండు లీటర్లు, కొంచెం కొంచెంగా త్రాగవలెనని. ఆ కొంచెం ఎంతో ఎవరూ కొలిచి చెప్పలేదు, నేనూ అడగలేదు. చెంబెడు నీళ్ళు ఒక్క గుక్కలో దించేవాడికి కొంచెమంటే అరచెంబు.

ఆ ఏడు మార్చిలోనే ఎండలు ముదిరినవి. తొమ్మిదవ రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. పంకా ఆగింది. ఒళ్ళంతా చెమట పట్టి, నాలుక అంగిటికి అంటుకుపోయింది. మా ఇళ్ళలో నీళ్ళకుండలు ఉంచే చోటును పరీండా అంటారు. అది మాకు దేవుడి గూడు వంటిది. చెప్పులతో అక్కడికి పోరు, సాయంకాలం అక్కడ దీపం పెట్టే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నవి. నేను అక్కడికి పోయి, చల్లని కుండలో చెంబు ముంచి, పాత అలవాటు చొప్పున ఎత్తి పోసికొన్నాను. మూడు గుక్కలు. అంతే. రొమ్ము ఎముక వెనుక ఎవరో రాయి ఇరికించినట్లయింది. నీళ్ళు క్రిందికి దిగవు, పైకి రావు. నోటినిండా నురుగు వంటి ఉమ్మి ఊరింది. గోడ పట్టుకొని కూలబడ్డాను. పావుగంట గడిచిన తరువాత త్రాగినదంతా తిరిగి వచ్చింది. ప్రాణం పోతుందనుకొన్నాను. కొత్తగా కుట్టిన కడుపు ఎక్కడ తెగిపోయిందోనని మరొక భయం.

ఆనాటినుంచి నాకు నీళ్ళంటే భయం పట్టుకొన్నది. ఎడారిలో పుట్టి నీటికి భయపడిన మనిషిని నేనొక్కణ్ణే చూశాను, అద్దంలో. భార్య గంటకొకసారి గ్లాసుతో వచ్చేది. అక్కడ పెట్టు, త్రాగుతానని చెప్పేవాణ్ణి. ఆమె లోపలికి పోగానే పెరటిలో తులసికోటలో పోసేవాణ్ణి. ఖాళీ గ్లాసు చూసి ఆమె తృప్తిపడేది. మూడు రోజులు ఇట్లా గడిచినవి. తులసి నిగనిగలాడింది, నేను వడిలిపోయాను. మూత్రం చిక్కటి టీనీళ్ళ రంగుకు తిరిగింది. లేచి నిలబడితే కళ్ళు చీకట్లు కమ్మినవి. పన్నెండవ రోజు ఉదయం స్నానాలగది గడపవద్ద పడిపోయాను. ఊళ్ళోని ఒక ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించారు. అక్కడి డాక్టరు కోపపడలేదు. ఒకరోజంతా నీళ్ళు కడుపులో నిలవకపోతే మరునాటివరకు ఆగకూడదని, వాంతులు వారాల తరబడి సాగితే బి1 అనే విటమిన్ తరిగిపోయి మెదడుకే ముప్పు వస్తుందని మాత్రం చెప్పి వెళ్ళాడు.

నాకు నీళ్ళు త్రాగడం నేర్పిన గురువు ఆ సాయంకాలం వచ్చింది. కేరళనుంచి వచ్చిన నర్సు. నా కూతురి వయస్సు ఉంటుంది. చేతిలో గీతలున్న చిన్న మందుగిన్నె, ఒక చెంచా.

"మాస్టర్‌సాబ్, ఇది ముప్పది మిల్లీలీటర్లు. దీన్ని పావుగంటలో త్రాగాలి. పావుగంటకొకసారి కాదు, పావుగంట సేపు," అన్నది.

నేను లెక్క వేశాను. గంటకు నాలుగు గిన్నెలు, అంటే 120 మిల్లీలీటర్లు. మెలకువగా ఉండే పదిహేను గంటలకు 60 గిన్నెలు, 1,800 మిల్లీలీటర్లు. రెండు లీటర్లకు తక్కువైన ఆ కాస్తా పప్పు కట్టుతోనో, మజ్జిగ తేటతోనో నిండుతుంది. సముద్రమంత కనిపించిన ఆ రెండు లీటర్లు గిన్నెలుగా విడదీసేసరికి దాటదగిన వాగుగా కనిపించినవి.

ఆమె చెప్పిన నియమాలు ఎక్కువ లేవు. వెన్ను నిటారుగా ఉంచి కూర్చొనాలి. నీళ్ళు కుండలోని చల్లదనంతో గాక, గోరువెచ్చగానో గదిలోని వేడికి సమంగానో ఉంటే నయం. నోట్లోకి తీసికొన్నది వెంటనే మింగక కొంచెం సేపు నాలుకమీద నిలపాలి. మింగిన తరువాత అది దిగినదని తెలిసేవరకు రెండవ చెంచా ఎత్తకూడదు. ఎత్తి పోసికొనడం, గొట్టంతో పీల్చడం, సోడా వంటి గాలి నీళ్ళు వద్దు. భోజనంతోపాటు నీళ్ళు వద్దు. తిన్న తరువాత అరగంట ఆగాలి. ఉత్త నీళ్ళు బరువుగా తోస్తే రెండు చుక్కల నిమ్మరసం పిండుకొనవచ్చు. కారణం కూడా చెప్పింది. మామూలు కడుపులో పైభాగం సంచి వంటిది. వచ్చినదానికి చోటిచ్చి సాగుతుంది. నాకు పోయినది ఆ భాగమే. మిగిలిన గొట్టం బిగువైనది, కుట్లవలన వాచి ఉన్నది. అది సాగదు కనుక మనమే ఆగాలి.

మొదటి చెంచా ఆమే నా నోటికి అందించింది. నేను మింగాను. ఆమె రెండవ చెంచా నింపి, గాలిలో అట్లాగే పట్టుకొని ఆగింది. గోడకు గడియారం ఉన్నది, ఆమె దాని వంక చూడలేదు. నా కళ్ళవంక కూడా చూడలేదు. నా గొంతు వంక చూస్తున్నది. గొంతుముడి పైకి లేచి క్రిందికి దిగి, తరువాత ముఖంలో బిగువు సడలినప్పుడు గాని రెండవ చెంచా కదలలేదు. మూడవ చెంచాకు ఎక్కిళ్ళు వచ్చినవి. ఎక్కిళ్ళు వస్తే ఎవరో తలచుకుంటున్నారని మా వైపు నమ్మకం.

"ఎవరు తలచుకుంటున్నారో చెప్పండి," అన్నది నా భార్య, నన్ను నవ్వించడానికి.

నాకు నవ్వు రాలేదు. ఎవరో నన్ను తలచుకొన్నారో లేదో తెలియదు గాని, ఆ క్షణంలో నేను మా అమ్మను తలచుకొన్నాను.

అమ్మకు 2016లో పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు పడిపోయినవి. మాట కొంత మిగిలింది. మ్రింగడం కష్టమయింది. లేపి కూర్చోబెట్టి, గడ్డం కొంచెం క్రిందికి వంచి, చెంచా చెంచాగా నీళ్ళు పోయమని డాక్టరు చెప్పాడు. పగలంతా నా భార్య చూసుకొనేది. ఉదయం నీళ్ళు పట్టే పని నేను తీసికొన్నాను. కొడుకుగా నా వంతు సేవ చేస్తున్నానని లోలోపల గర్వం కూడా ఉండేది. కాని ఏడున్నరకు బడి గంట కొడతారు. నా ధ్యాస ఆ గంటమీద ఉండేది. మొదటి చెంచా ఆమె గొంతు దిగకముందే రెండవది పెదవులకు ఆనించేవాణ్ణి. ఆమెకు పొలమారేది. నీళ్ళు నోటి మూలనుంచి కారి మెడమీద పడేవి. కొంగుతో తుడిచి, "త్వరగా, అమ్మా," అనేవాణ్ణి. ఆమె ఎడమచేయి ఎత్తి నా మణికట్టు పట్టుకొనేది. అది ప్రేమ అనుకొన్నాను ఒక్కొక్కనాడు. మొండితనమని విసుక్కొన్నాను ఒక్కొక్కనాడు.

కొన్నాళ్ళకు నేను గ్లాసుతో రాగానే నోరు మూసికొని తల తిప్పుకొనడం మొదలుపెట్టింది. "దాహం లేదు, బేటా. నువ్వు బడికి పో," అనేది. నేను నమ్మాను. నమ్మడం నాకు అనుకూలంగా ఉన్నది. గ్లాసు పక్కన పెట్టి పోయేవాణ్ణి. నేను వెళ్ళిన తరువాత నా భార్య చేతిమీదుగా ఆమె త్రాగేదని విన్నప్పుడు, ఆడవారి చేయి మెత్తన గదా అనుకొని ఊరుకొన్నాను. 2018 చలికాలంలో అమ్మ పోయింది.

దాహం లేదన్న ఆ మాట ఏమిటో నాకు ఆసుపత్రి మంచంమీద తెలిసింది. నేను గ్లాసును తులసికోటలో ఎందుకు ఒంపానో ఆమె కూడా అందుకే నోరు మూసికొన్నది. త్రాగాలని లేక కాదు. త్రాగితే కలిగే బాధ తెలిసి. నా మణికట్టు పట్టుకొన్న ఆ ఎడమచేయి చెప్పినది ఒకటే మాట: ఆగు. రెండేండ్లు ఆ మాట రోజూ చెప్పింది. సంస్కృతంలో ఎంతటి సమాసాన్నైనా విడదీసి చెప్పగలనని పేరున్న నేను ఆ ఒక్క మాటకు అర్థం తెలిసికొనలేకపోయాను.

ఇంటికి వచ్చిన తరువాత నా రోజంతా గిన్నెలతోనే గడిచేది. గోడమీద సుద్దతో గీతలు గీసికొనేవాణ్ణి, పాలవాడి లెక్కవలె. అరవై గీతలు పూర్తయిన రోజున ఇంట్లో పండుగ. ఖాళీగా ఉన్న మనస్సు చదివిన చదువులన్నింటినీ తిరగవేసేది. ఆచమనానికి అరచేతిలో తీసికొనవలసిన నీరు మినపగింజ మునిగేటంత ఉండాలని ధర్మశాస్త్రం చెబుతుంది. నలభై ఏండ్లుగా సంధ్యవార్చినవాణ్ణి. ఆ కొలతను మంత్రపు తంతుగానే ఎంచాను. ఇప్పుడు నా గొంతుకు హాయిగా దిగే నీరు ఇంచుమించు అంతే. భోజనానికి ముందు నీళ్ళు త్రాగేవాడు చిక్కుతాడని, నడుమ త్రాగేవాడు సమంగా ఉంటాడని, చివర త్రాగేవాడు లావెక్కుతాడని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. ఆ శ్లోకాన్ని పిల్లలచేత వల్లె వేయించి, ఇంటికి పోయి భోజనం చివర చెంబెడు నీళ్ళు ఎత్తి పోసికొన్న పంతులును నేను. వాగ్భటుడు చెప్పినదీ నర్సు చెప్పినదీ ఒకటి కాదు. ఆయన లెక్క నిండు కడుపుకు, ఆమె లెక్క కోసిన కడుపుకు. అయినా నీరు ఎప్పుడు, ఎంత, ఎట్లా అన్నది ఆలోచించదగిన విషయమని ఇద్దరూ ఒప్పుకొంటారు. నేను ఒక్కనాడూ ఆలోచించలేదు.

మా దాదీ పుట్టింటి పల్లెలో కుయి అనే నూతులు ఉండేవి. ఇవి ఇసుకలో లోతుగా తవ్విన చెలమల వంటివి. మూతి చాలా ఇరుకు. అడుగున గచ్చు వంటి పొర వానచినుకును పాతాళపు ఉప్పునీటిలో కలియనీయక ఇసుకలోనే తేమగా నిలుపుతుంది. ఆ తేమ చుక్క చుక్కగా ఊరి కుయిలో చేరుతుంది. ఒక పగలూ రాత్రీ గడిస్తే రెండు మూడు కడవల నీరు. అంతకుమించి తోడాలని తొందరపడితే వచ్చేది ఇసుకే. దాదీ నీళ్ళు త్రాగే తీరు నాకు ఇంకా గుర్తు. నేలమీద కూర్చొని, గిన్నె రెండు చేతులతో పట్టుకొని, వేడి పాలు త్రాగినట్లు మెల్లగా త్రాగేది. ఎండలో నడిచివచ్చిన బాటసారికి రాగానే చెంబు అందించేది కాదు. నీడన కూర్చోబెట్టి, చెమట ఆరిన తరువాత, బెల్లపు ముక్క పెట్టి అప్పుడు ఇచ్చేది. పట్నంలో పెరిగిన మేము ఆ నిదానాన్ని చూసి నవ్వేవాళ్ళం. కాలువ నీళ్ళు కొళాయిల్లోకి వచ్చిన తరువాత పుట్టిన నవ్వు అది. 1958లో పని మొదలైన రాజస్థాన్ కాలువ, తరువాత ఇందిరాగాంధీ పేరు పెట్టుకొన్నది, హిమాలయపు నీటిని మా ఇసుకలోకి తెచ్చింది. ఆ మేలు చిన్నది కాదు. కాని కొళాయి తిప్పడం నేర్చిన చేతికి కుయి నేర్పిన ఓర్పు మరపున పడింది.

పాటామీది మిత్రులు నన్ను విడిచిపెట్టలేదు. "ఇప్పుడు త్రాగుడు ఎంతవరకు వచ్చింది?" అని వీధి వినేటట్లు అడిగేవారు. ఒకసారి ఆ దారిన పోతున్న మా బడి పాత విద్యార్థి ఒకడు ఆ మాట విని, తల వంచుకొని, నన్ను చూడనట్లు వెళ్ళిపోయాడు. మరునాడు వాడి తండ్రి వచ్చి, వయస్సు మీరిన తరువాత ఈ వ్యసనమెందుకని మెత్తగా మందలించాడు. సుద్దగీతల గోడ చూపించి ఒప్పించేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది. హాస్యం అట్లా ఉంచి, ఈ శస్త్రచికిత్స చేయించుకొన్నవారికి సారా విషయంలో వైద్యులు చేసే హెచ్చరిక నిజమైనదే. చిన్న కడుపులో అది నిలవక, త్వరగా రక్తంలోకి ఎక్కుతుంది. కొద్దిపాటి మోతాదే ఎక్కువవుతుంది. నాకు ఆ అలవాటు లేనందువలన ఆ పరీక్ష తప్పింది.

ఆరు వారాలకు వాపు తగ్గింది. చెంచా పోయి చిన్న గిన్నె వచ్చింది. గిన్నె పోయి గ్లాసు వచ్చింది. ఆషాఢంలో మొదటి వాన పడిన సాయంకాలం అరుగుమీద కూర్చొని, తడిసిన మట్టి వాసన పీలుస్తూ, పక్కింటి ముసలాయనతో మాట్లాడుతున్నాను. మాట ముగిసి చూసేసరికి చేతిలోని గ్లాసు ఖాళీగా ఉన్నది. తులసికోటలో పోయలేదు. నేనే త్రాగాను. ఎప్పుడు త్రాగానో, ఎన్ని గుటకలు వేశానో గుర్తులేదు. మూడు నెలలు ప్రతి గుటకనూ లెక్కపెట్టినవాడికి ఆ గుర్తులేకపోవడమే గొప్ప సుఖమని అప్పుడు తోచింది. లోపలికి పోయి గోడమీది సుద్దగీతలు తడిగుడ్డతో తుడిచివేశాను.

ఇప్పుడు నా బరువు 84 కిలోలు. చక్కెర మందు చాలావరకు తగ్గింది. విటమిన్ బిళ్ళలు రోజూ వేసికొనాలి, ఏడాదికొకసారి రక్తం చూపించుకొనాలి. నీళ్ళు హాయిగానే త్రాగుతాను, కూర్చొని, మెల్లగా. చెంబు ఎత్తి పోసికొనడం మాత్రం మళ్ళీ రాలేదు. రావాలని కోరికా లేదు. అగస్త్యుడన్న పేరు పాటామీద మరొకరికి దక్కింది.

జ్యేష్ఠమాసంలో నిర్జలైకాదశి వస్తుంది. ఆనాడు నీళ్ళు ముట్టకుండా ఉపవాసముండేవారే వీధుల్లో చలివేంద్రాలు పెట్టి పరుల దాహం తీరుస్తారు. ఎండాకాలం పొడుగునా నడిచే చలివేంద్రం ఒకటి మా పేట మొదట్లో ఉన్నది. అక్కడ రామ్‌ఝారా అనే పొడుగు కొమ్ముచెంబుతో నీళ్ళు పోస్తారు. వచ్చినవారు వంగి దోసిలి పట్టి త్రాగుతారు. మూడేండ్లుగా సాయంకాలం ఒక గంటసేపు అక్కడ నీళ్ళు పోయడం నా పనిగా పెట్టుకొన్నాను. పడుచువాళ్ళకు ధార లావుగా పోసినా ఫరవాలేదు. ముసలివారు వచ్చినప్పుడు వారిని బల్లమీద కూర్చోబెట్టి, దోసిలి వద్దని, ఒక గిన్నె చేతికిచ్చి అందులో కొద్దికొద్దిగా పోస్తాను. వెనుక నిలుచున్నవారు తొందరపెడతారు. నేను వారివైపు చూడను.

పోయిన వేసవిలో ఒక ముసలామె వచ్చింది. చేతులు వణుకుతూ గిన్నె పట్టలేకపోయింది. నేనే గిన్నె ఆమె నోటికి ఆనించాను. రెండు గుటకలు వేసి, ఎడమచేయి ఎత్తి నా మణికట్టు పట్టుకొన్నది. నేను ఆగాను. ఆమె గొంతు వంకే చూస్తూ ఉన్నాను. నీళ్ళు దిగినవి. కొంతసేపటికి ఆమె తానే నా చేతిని మెల్లగా తన నోటివైపు లాక్కొన్నది.